ఫెరిస్ రేవులో మూడు చప్పుళ్ళు

1999 ఆగస్టు 14, శనివారం. రాత్రి తొమ్మిదీ పది.

ఆ వేళకి ఫెరిస్ రేవులో ఎవరూ నీళ్ళలోకి దిగరు. నలభై ఏళ్ళ కిందట సెయింట్ లారెన్స్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు ఆ ఊరు ఊరంతా మునిగిపోయింది. ఇళ్ళని లారీల మీద ఎత్తుకుపోయారు. పెద్దవీధి ఒక్కటే మిగిలింది... తిన్నగా వచ్చి, ఎక్కడా ఆగకుండా, నీళ్ళలోకి దిగిపోతుంది.

ఇల్లు వదలనని భీష్మించుకు కూర్చున్న ముసలామె ఒకావిడ ఏమైపోయిందో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత గాలి లేని రాత్రుల్లో రెండు పడవలు అక్కడే మునిగాయి. అప్పట్నుంచి జనం ఆమెకి పెట్టిన పేరు — ముంచే ముసలిది.

విల్మాకి ఈ సంగతులన్నీ తెలుసు. తెలిసే వచ్చింది. వేరే దారి లేదు.

ఏటా ఆగస్టులో ఆరు కుటుంబాల వాళ్ళు, యుద్ధకాలం నాటి ఆరు నీటి జీపుల్లో వారం రోజులు నది వెంట తిరిగేవారు. నేల మీద బండి, నీళ్ళలో పడవ. ఆ రోజు అయిదు బండ్లు పగలే పై రేవు నుంచి దాటి, ఎదురుగా ఉన్న లంకలో గుడారాలు వేసుకున్నాయి. విల్మా, ఆమె మొగుడు గోర్డన్ ఉన్న బండి దారిలో పెట్రోలు పంపు చెడి ఆగిపోయింది. గోర్డన్ గుండె మాత్రలేమో, అందరికీ ముందు నడిచే లార్న్ సంచిలో లంకకి వెళ్ళిపోయాయి. పదింటికల్లా మాత్ర పడాలి. పొద్దుటి మాత్ర అప్పటికే తప్పింది. గోర్డన్ పెదవులు నీలంగా ఉన్నాయి.

పై రేవుకి వెనక్కి పోవాలంటే గంట. ఇక్కణ్ణుంచైతే ఇరవై నిమిషాలు.

ఆ బండ్లకి అడుగున మూడు చిల్లులుంటాయి. నేల మీదికి రాగానే బిరడాలు తీసి నీళ్ళు వదిలేస్తారు. మళ్ళీ దిగే ముందు ఒకరు కిందికి దూరి ఇత్తడి బిరడాలు బిగించి, ఒక్కోదానికి ఒక్కసారి రేకు మీద తడతారు. మూడు చప్పుళ్ళు వినపడితేనే బండి నీళ్ళలోకి. అది వాళ్ళ కట్టు.

"నువ్వు వంగకు. నేను దూరతాను," అంది విల్మా.

"ఆ నడుముతోనా? దూరితే నిన్ను బయటికి లాగడానికి ఇంకో జీపు కావాలి."

"గుండె పట్టుకుని మాట్లాడుతూ కూడా వేళాకోళమేనా, ముసలోడా!"

"ముసలోణ్ణే! నా బండి సంగతి నాకు తెలుసు!"

ఇద్దరికీ కోపం వచ్చింది. ఆమె బండి వెనక్కి వెళ్ళి, నీళ్ళలో తేలే చొక్కా తాళ్ళు కట్టుకుంటూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. అతను ముందువైపు నిలబడి పొగమంచులోకి చూస్తున్నాడు.

టక్.

...టక్.

టక్.

విల్మా పళ్ళు కొరికింది. మొండి మనిషి! వద్దంటే దూరాడు!

మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. అతనూ మాట్లాడలేదు. చక్రాలు పాత వీధి మీద దొర్లి... దొర్లి... నేల విడిచాయి.

పొగమంచు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేం లేదు. విల్మాకి ఈత రాదు. ఒళ్ళో చేతులు బిగించుకుని, ప్రభువా, ఒడ్డు చేర్చు... ఒడ్డు చేర్చు... అనుకుంటూనే ఉంది.

నది మధ్యలో కాళ్ళ కింద ఏదో తెలిసింది. కొట్టడం కాదు. రేకు మీద అరచేత్తో తడుముతున్నట్టు... ఈ చివర నుంచి ఆ చివరికి... మెల్లగా. మళ్ళీ వెనక్కి.

"గోర్డన్," అంది గుసగుసగా.

"నాకూ తెలుస్తోంది. కిందికి చూడకు."

ఆమె చూడలేదు. తడమడం ఆగలేదు. లంక దీపాలు కనపడేదాకా కూడానే వచ్చింది.

ఒడ్డెక్కగానే లార్న్ మాత్ర తెచ్చి గోర్డన్ నోట్లో వేశాడు. పది కావడానికి ఇంకా పావుగంట ఉంది. "ఆ రేవు నుంచా దిగింది? మీ ఇద్దరికీ పిచ్చి ముదిరింది," అని తిడుతూ, బిరడాలు తీద్దామని టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు.

టార్చి వెలుగు ఒక్కో చిల్లు దగ్గరా ఆగింది.

"గోర్డన్... బిరడాలేవీ?"

"విల్మాని అడుగు. తనేగా బిగించింది."

"నేనా? నువ్వు కాదూ?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోర్డన్ సీటు కింద రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. మూడు ఇత్తడి బిరడాలు, మూడూ పొడిగా, అందులోనే ఉన్నాయి.

లార్న్ అరచేయి చాపాడు. అందులో మూడు గుడ్డ ఉండలు. నీలం గళ్ళ వంటగుడ్డ చింపి, మెలిపెట్టి, చిల్లుల్లోకి గట్టిగా దట్టించినవి.

ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు.

తెల్లవారి ఆదివారం. పన్నెండు మందీ గుడ్లూ రొట్టే వడ్డించుకుని కూర్చున్నారు. ప్రార్థన చెప్పడం ఎప్పుడూ విల్మా వంతు. మేలు చేసినవాళ్ళని పేరుపేరునా తలుచుకోవడం ఆమె అలవాటు. చేతులు జోడించింది... ఆగిపోయింది.

"ఆ ముసలావిడ పేరేంటి?"

ఎవరికీ తెలీదు.

"నలభై ఏళ్ళుగా తిట్టే పేరే గానీ, కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒక్కరికీ తెలీదా? తెలిసేదాకా నేను ప్రార్థన చెప్పను."

"గుడ్లు చల్లారిపోతాయి విల్మా," అన్నాడు లార్న్.

"చల్లారనీ."

గోర్డన్ లేచాడు. ఈసారి లార్న్ దూరి బిరడాలు బిగించాడు, అందరూ నిలబడి చూశారు. మొగుడూ పెళ్ళాం మళ్ళీ అదే రేవుకి దాటి, ఒడ్డున కొట్టు నడిపే ముసలాయన తలుపు తట్టారు. ఆయన ఆ మునిగిన ఊళ్ళో పుట్టినవాడు.

"హెస్టర్," అన్నాడాయన. "ఎవరూ అడగరే ఆ పేరు. పెళ్ళయిన ఏడాదికే ఆమె మొగుడు, పడవకి అడుగున చిల్లు పడి, మునిగిపోయాడు. ఇక అప్పట్నుంచీ మా రేవులో ఏ పడవ కదిలినా, ఆమె వంగి అడుగంతా చేత్తో తడిమి చూడందే పోనిచ్చేది కాదు. మేం పిల్లలం, నవ్వేవాళ్ళం."

వాళ్ళు తిరిగొచ్చేసరికి తొమ్మిదయింది. బల్ల దగ్గర ఒక్కరూ ముద్ద ముట్టలేదు. విల్మా కూర్చుని చేతులు జోడించి, హెస్టర్ పేరు చెప్పింది. చర్చిలో కూడా ఏనాడూ పెదవి కదపని గోర్డన్, అందరికన్నా ముందు, పైకే ఆమెన్ అన్నాడు.

తర్వాత అందరూ చల్లారిన గుడ్లు తిన్నారు.