తాలు పాస్‌వర్డ్

ఆ పొద్దున ఫజల్ చేతిలో ఉన్న సరుకు ఇది: ఒక పాత లాప్‌టాప్, టిఫిన్ డబ్బా అంత మెయిల్ సర్వర్ పెట్టె, కేబుల్ లైన్‌మన్ తొడిగే నీలం షర్టు, చెవిలో శనగగింజ అంత ఇయర్‌ఫోన్. చేతిలో లేనిది ఒక్క మాట. హార్లన్ పాస్‌వర్డ్. ఆ మాట దొరక్కపోతే పొద్దు గూకేలోపు సుమేరా ప్రాణం పోతుంది.

"కూర్చో బేటా, టైమ్ లేదు," అన్నది ఇమాంబీ.

ఖమ్మం కమాన్ బజార్‌లో గాజుల దుకాణం వెనక గది అది. ముందు గదిలో పెళ్ళివాళ్ళు గాజులు తొడిగించుకుంటున్నారు. వెనక గదిలో ఇమాంబీ దేశం పని చూస్తుంది. ఈ జిల్లాలో గూఢచారి విభాగానికి ఆమే చీఫ్. ఫజల్‌కు ఖాలా, అంటే పిన్ని వరస.

"దమ్మపేట దాటినంక పామాయిల్ తోటల నడిమిట్ల గెస్ట్‌హౌస్. హార్లన్ ఆడనే ఉంటడు. అడవి మూలికలు ఎగుమతి చేస్తనని బోర్డు. చేసేది మన కొత్త రాడార్ స్టేషన్ మ్యాపులు దేశం దాటించుడు."

"అది తెలుసు ఖాలా. సుమేరాకు ఏమైంది?"

సుమేరా హార్లన్ సెక్రటరీ. పొడుగు మనిషి, పొడుగు జుంకాలు, నాలుగు భాషలు. ముఠా జీతం తీసుకుంటూ ఇమాంబీకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమెను ఇటువైపు తిప్పిందీ, ఏదైనా అయితే బయటికి తెస్తానని మాట ఇచ్చిందీ ఫజలే.

"ఢిల్లీల మనోడే ఒకడు అమ్ముడువోయిండు. సుమేరా మన మనిషని హార్లన్‌కు మెయిల్ కొట్టిండు. ఢిల్లీ ఆఫీసు నుంచే పోయిందని తెలిసింది గని, ఎవడో ఇంకా తెల్వదు. మెయిల్ హార్లన్ డబ్బాల, గదే ఇన్‌బాక్స్‌ల, పడ్డది. వాడు ఇంకా తెరవలే."

"ఎందుకు తెరవలే?"

"మనం చెప్పంగనే సుమేరా కత్తెర పట్టి ఇంటర్నెట్ వైరు కత్తిరించింది. ఎలుక కొరికిందన్నది."

"నమ్మిండా?"

"ఎలుక గింత సాఫ్‌గ కొరుకుతదా అన్నడట. గేటు కాడ తుపాకులు పెట్టిండు. లోపలోళ్ళు బయటికి రావద్దు. టవర్ అందదు. రాజమండ్రి నుంచి శాటిలైట్ ఫోన్ తెప్పిస్తున్నడు. అది వచ్చినంక మెయిల్ చదువుతడు."

"పోలీసుల్ని తోలితే?"

"పోలీసు జీపు చప్పుడు వినవడితే మొదటి తూటా ఆమెకే."

ఫజల్ లెక్క వేసుకున్నాడు. ఆ మెయిల్‌ను హార్లన్ కంటే ముందు తెరిచి చెరిపేయాలి. అందుకు పాస్‌వర్డ్ కావాలి. ఊహించి కొడదామంటే, మూడుసార్లు తప్పితే ఆ డబ్బాకు తాళం పడుతుంది.

"వైరు బాగుచేయనీకి కేబుల్ వాళ్ళను పిలిచిండు," అన్నది ఇమాంబీ. "ఆ కేబుల్ వానివి నువ్వే. ఈ పెట్టెను లైన్ల పెట్టు. వాని లాప్‌టాప్ దీన్నే అసలు సర్వర్ అనుకుంటది. వాడు పాస్‌వర్డ్ కొడతడు, మనకు దొరుకుతది. ల్యాబ్ వాళ్ళు తయారుచేసి పంపిన్రు."

ఫజల్ పెట్టెను లాప్‌టాప్‌కు తగిలించి చూశాడు. మొహం మారింది.

"ఖాలా, ఇది పాస్‌వర్డ్‌ను దంచి తీసుకుంటది. మనకొచ్చేది కారం పొడి. పొడిని మళ్ళ మిరపకాయ చేస్తమా?"

"అంటే?"

"కాయ కాయగనే రావాలె. ప్లెయిన్‌టెక్స్ట్. అడగంగనే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు పంపే పద్ధతి ఒకటున్నది. ఆథ్ ప్లెయిన్ అంటరు. ఆ పద్ధతి దీంట్ల లేదు. రాయాలె."

"ఎవరు రాస్తరు?"

"నేనే. దార్ల."

ఇమాంబీ నోటిమీద చెయ్యి పెట్టుకున్నది. విభాగంలో చేరకముందు ఫజల్ తండ్రి పక్కన మిర్చి యార్డు కమీషన్ దుకాణంలో కూర్చున్నాడు. కంప్యూటర్ తరవాత నేర్చుకున్నది. జీపు కుదుపుల్లో సర్వర్ రాసిన అనుభవం ఎవరికీ లేదు.

"ఫోన్ల మిర్చి మాటలే," అన్నదామె. "నిజమైందైతే తేజ. నకిలీదైతే తాలు."

తేజ ఖమ్మం యార్డులో పేరున్న రకం. తాలు అంటే తెల్లబారిపోయిన నాసికాయ. సంచి పైన తేజ పరిచి అడుగున తాలు నింపేవాళ్ళను ఫజల్ చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు.

*

జీపు నడిపేది లచ్చిరాం. అసలు కేబుల్ లైన్‌మన్ ఆయనే. చండ్రుగొండ దగ్గరి తండా మనిషి. విభాగానికి పాత చుట్టం.

"షర్టు ఇచ్చిన గని సేట్, దానికి సరిపడ పొట్ట తగ్గించలేను," అన్నాడు. ఫజల్ నీలం షర్టు గుండీలు ఊపిరి బిగబట్టి ఉన్నాయి.

ఫజల్ తల ఎత్తలేదు. ఒళ్ళో లాప్‌టాప్, కాళ్ళ మధ్య పెట్టె. చెవిలో ఉన్న గింజలోంచి గెస్ట్‌హౌస్ వినిపిస్తోంది. సుమేరా జుంకాలో టవర్ అక్కర్లేని రేడియో మైకు ఉంది. చిన్న స్పీకర్ కూడా ఉంది.

"సుమేరా," అన్నాడు మెల్లగా. "లాప్‌టాప్ నీ దగ్గరకొస్తదా?"

కప్పూ సాసరూ కదిలిన చప్పుడు. "టీ ఇచ్చేటప్పుడు వస్తది," అన్నది ఊపిరి అంత గొంతుతో.

"మెయిల్ సెట్టింగుల ఎన్‌క్రిప్షన్ తీసెయ్. నార్మల్ పాస్‌వర్డ్ అని టిక్ పెట్టు. పాస్‌వర్డ్ బయటపడుతదని హెచ్చరిక వస్తది. మళ్ళీ చూపించొద్దు అని కొట్టు."

"ఫజల్... వాడు నన్ను అదోరకంగ చూస్తున్నడు. జల్దీ రా."

ఆమె నోట 'జల్దీ' అన్న మాట అతను అంతకుముందు వినలేదు.

ప్రోగ్రాం రాశాడు. పద్ధతి చిన్నదే. లాప్‌టాప్ ఒక మూట పంపుతుంది. ఆ మూట పిచ్చి అక్షరాల్లా కనిపిస్తుంది గాని తాళమేమీ లేదు. గోనెసంచికి పురికొస కుట్టు వేసినట్టు, అంతే. కుట్టు విప్పితే లోపల యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పక్కపక్కనే ఉంటాయి. నడుమ ఖాళీ గుర్తు ఒకటి.

పరీక్షకు తన పేరుతో ఒక మూట పంపాడు. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ పంపాడు. మళ్ళీ ఖాళీ.

"యా అల్లా..."

"ఏమైంది సేట్?"

"సంచి వస్తున్నది. విప్పితే ఖాళీ."

సత్తుపల్లి దాటారు. రెండువైపులా పామాయిల్ చెట్లు మొదలయ్యాయి. ఎండ ఆకుల మధ్య నుంచి కత్తుల్లా దిగుతోంది. ఫజల్ రాసిందంతా పై నుంచి కిందికి చదివాడు. కింది నుంచి పైకి చదివాడు. చెమట కీబోర్డు మీద పడింది. తప్పు కనబడలేదు. ఇక గేటు కనిపించేలోపు దొరక్కపోతే, సుమేరాకు ఇచ్చిన మాట నీళ్ళపాలు.

ఎదురుగా లారీ వచ్చింది. లచ్చిరాం బ్రేకు కొట్టాడు. "తన పక్క సీటు ఖాళీగున్నదని ఎనక సరుకు గూడ లేదనుకున్నడు గావచ్చు. మీదికొస్తున్నడు చూడు," అని లారీవాణ్ని తిట్టాడు. లారీలో డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉంది. వెనక మాత్రం పామాయిల్ గెలలు నెత్తి దాకా ఉన్నాయి.

ఫజల్ వేళ్ళు ఆగిపోయాయి.

మూటలో మొదటి గది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఎవరి తరఫున వచ్చావని అడిగే గది అది. ఎవరూ నింపరు. అతని ప్రోగ్రాం ఆ ఖాళీని చూసి సరుకే లేదనుకుని అక్కడే ఆగిపోతోంది. ఆగకుండా దాటించి రెండో గది, మూడో గది చదివించాడు. తెర మీద అతని పేరు, పాస్‌వర్డ్ స్పష్టంగా పడ్డాయి.

"లచ్చిరాం భాయ్, ఆ లారీవానికి మొక్కాలె."

"తిట్టినంక చెప్తవేంది!"

*

గేటు దగ్గర తుపాకీవాడు షర్టు చూశాడు, పొట్ట చూశాడు, వదిలేశాడు. తోటలో మోటారు షెడ్డు పక్కనే కేబుల్ స్తంభం. బయటి నుంచి వచ్చే లైను ఫజల్ లాప్‌టాప్‌కు, గెస్ట్‌హౌస్‌కు పోయే లైను పెట్టెకు తగిలించాడు. లచ్చిరాం స్తంభమెక్కి పని చేస్తున్నట్టు నటించాడు. షెడ్డులో కూర్చుని ఫజల్ ఇమాంబీకి నెట్ కాల్ కలిపాడు.

ఒక పని మిగిలింది. ల్యాబ్ వాళ్ళ కాగితంలో ఇలా ఉంది: ఏ పాస్‌వర్డ్ వచ్చినా సరే అను, లోపలికి రానివ్వు, ఖాళీ డబ్బా చూపించు. ఫజల్ దాన్ని మార్చాడు. మొదటి పాస్‌వర్డ్ ఏదైనా సరే, తప్పు అని తిప్పికొట్టాలి. రెండోదానికి సరే అని, ఆ తరవాత ఆ ఒక్కదానికే తలుపు తీయాలి.

చెవిలో సుమేరా గొంతు: "సర్, నెట్ వచ్చింది."

కుర్చీ జరిగిన చప్పుడు. వేళ్ళు కీబోర్డు మీద. తెర మీద మూట పడింది. పెట్టె కుట్టు విప్పింది: 'మాంచెస్టర్'. వెంటనే పెట్టె జవాబిచ్చింది: పాస్‌వర్డ్ తప్పు.

"వచ్చింది ఖాలా. మాంచెస్టర్. గని తిప్పికొట్టిన."

"తిప్పికొట్టినవా! ఎందుకు? వానికి అనుమానం వస్తది! నేను దీన్నే కొడుతున్న..."

"ఆగు! కొట్టకు. అది తాలు."

"నీకెట్ల తెలుసు?"

"యార్డుల మొదటి రేటు నిజం చెప్పినోణ్ని ఎన్నడన్న చూసినవా? కొత్త దుకాణం కాడ ముందు ఉత్త రేటు చెప్పి చూస్తరు. దానికే సరే అంటే దుకాణం మీదనే అనుమానం."

చెవిలో లోహం టేబుల్ మీద పెట్టిన చప్పుడు. పిస్తోలు.

"సుమేరా," అన్నాడు హార్లన్. అతని ఇంగ్లీషు మెత్తగా ఉంటుంది. "నేను ఇప్పుడు ఏం చేశానో తెలుసా?"

"తెలియదు సర్."

"తప్పు పాస్‌వర్డ్ కొట్టాను. కావాలనే. సర్వర్ సరే అని ఉంటే అది దొంగ సర్వర్. అప్పుడు మన ఎలుకకు రెండు కాళ్ళని తేలిపోయేది. కానీ వద్దంది. నిజాయితీగల సర్వర్."

సుమేరా నవ్వింది. ఆ నవ్వుకు ఆమెలో మిగిలిన బలమంతా అయిపోయి ఉంటుంది.

రెండో మూట పడింది. ఫజల్ చదివి కళ్ళు నలుపుకున్నాడు.

"ఖాలా, తేజ! ఇప్పపువ్వు. ఇంగ్లీషు అక్షరాలల్ల, అన్నీ చిన్నవి."

"ఏంది? ఇప్పపువ్వా?"

"మూలికల వ్యాపారి గదా. కొట్టు జల్దీ!"

పెట్టె సరే అన్నది. హార్లన్ తెర మీద 'లోడింగ్' తిరుగుతోంది. ఖమ్మంలో ఇమాంబీ అసలు డబ్బాలోకి దిగింది. గాజులు గలగలమంటున్నాయి, ఆమె ఎంత వేగంగా కొడుతోందో.

అప్పుడే గేటు వైపు నుంచి కారు హారన్. స్తంభం మీది నుంచి లచ్చిరాం గుసగుసగా అరిచాడు: "సేట్! రాజమండ్రి బండి! చేతిల లావు ఫోన్ ఉన్నది!"

"ఖాలా, ఫోనొచ్చింది!"

"మెయిల్ దొరుకుతలేదు! మొత్తం ఇంగ్లీషే..."

"సుమేరా పేరు పెట్టి వెతుకు!"

చెవిలో తలుపు తెరుచుకుంది. "ఈ లోడింగ్ ఎప్పటికి అయ్యేను," అన్నాడు హార్లన్. "అది ఇలా ఇవ్వు." యాంటెనా లాగిన చప్పుడు. బటన్లు నొక్కుతున్నాడు.

"దొరికింది!" ఇమాంబీ గొంతు. "పంపినోని పేరుగూడ ఉన్నది, ఓరి హరామ్..."

"తిట్లు తరవాత! చెరుపు! పాస్‌వర్డ్ మార్చు!"

గాజుల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. "మార్చిన."

గెస్ట్‌హౌస్‌లో ఫోన్ బీప్‌మంది. హార్లన్ చదివాడు: "తప్పు పాస్‌వర్డ్."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

ఇప్పుడు హార్లన్ ముందు రెండు సర్వర్లు. ఒకటి సరే అంటోంది, ఒకటి వద్దంటోంది. ఏది తేజ, ఏది తాలు?

హార్లన్ లాప్‌టాప్ వైపు తిరిగాడు. పిచ్చి అక్షరాలు కొట్టాడు. పెట్టె వద్దంది. 'ఇప్పపువ్వు' కొట్టాడు. పెట్టె సరే అంది.

"చూశావా?" అన్నాడు. "దీనికి నా పాస్‌వర్డ్ తెలుసు. ఆ ఫోన్‌కు తెలియదు. ఎవరో ఫోన్‌ను మార్చేశారు. దొంగ సర్వర్‌కు కలుపుతోంది." ఫోన్ గోడకు కొట్టిన చప్పుడు ఫజల్ చెవిలో పేలింది. "ఫోన్ తెచ్చిన డ్రైవర్‌ను లోపల వేసి తాళం పెట్టండి."

అందరికంటే నమ్మకమైన సర్వర్ ఇప్పుడు మోటారు షెడ్డులో టిఫిన్ డబ్బా సైజులో ఉంది.

"ఖాలా," అన్నాడు ఫజల్. "వాని పాత మెయిళ్ళు చూడు. పైనోళ్ళు హుకుం ఎట్ల రాస్తరు?"

"పొట్టిగ. కింద 'మాన్‌సూన్' అని సంతకం."

"అట్లనే ఒకటి రాయి. పాత మెయిళ్ళతోపాటు నా పెట్టెల ఎయ్యి."

హార్లన్ తెర మీద లోడింగ్ ఆగింది. డబ్బా నిండింది. అన్నిటికంటే పైన కొత్త మెయిల్. అతను పైకే చదివాడు: "సుమేరాను వెంటనే హైదరాబాద్ పంపు. వేరే పని ఉంది. నీ కారు ఇవ్వు. మాన్‌సూన్."

ఫజల్ పిడికిలిలో పెట్టె ప్లగ్ నలిగిపోతోంది.

"నిన్ను పోగొట్టుకోవడం నాకు నష్టం," అన్నాడు హార్లన్ చివరికి. పిస్తోలు సొరుగులో పెట్టిన చప్పుడు. "కానీ హుకుం హుకుమే."

కారు షెడ్డు ముందు నుంచి పోయింది. వెనక సీట్లో సుమేరా. లైన్‌మన్ వైపు ఆమె చూడలేదు. అద్దం మీద అరచెయ్యి మాత్రం పెట్టింది.

*

సాయంత్రం గాజుల దుకాణంలో సుమేరా నీళ్ళు తాగుతూ కూర్చుంది. గ్లాసు పళ్ళకు తగులుతోంది. ఇమాంబీ ఆమె తల నిమురుతోంది. ఫజల్ గుండీలు తెగిన షర్టుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"హార్లన్‌ను పట్టుకుందామా?" అన్నాడు.

"పిచ్చోడా, పట్టుకుంటే ఒక్కడే. ఉంచితే వాని డబ్బా మొత్తం మనది. మ్యాపులు షెడ్డుల వదిలిన ఆ సర్వర్ నుంచే పంపుతడు, మనకాడికే వస్తయి. పైనోళ్ళకు మన దగ్గర తయారైన మ్యాపులే పోతయి," అన్నది ఇమాంబీ. తెర మీద కొత్త మెయిల్ పడింది. చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

దమ్మపేట నుంచి హార్లన్ తన దోస్తులకు రాశాడు. శాటిలైట్ ఫోన్లను నమ్మొద్దనీ, ఇక్కడి సర్వర్ చాలా నిజాయితీగలదనీ, అందరూ ఇందులోకే మారితే మంచిదనీ.

ఆ దినం మొత్తం లెక్క తేలింది. ఒక ప్రాణం దక్కింది, ఒక ద్రోహి పేరు దొరికింది, ఒక షర్టు పోయింది. పైగా హార్లన్ దోస్తుల్లోంచి ఇద్దరు కొత్త గిరాకీలు కనెక్షన్ కావాలని లచ్చిరాంకు ఫోన్ చేశారు.