పడమటి గోడలో ఇరవై సెంటీమీటర్లు

తుపాకీ పేలింది. గోడ ముక్కలో గుండు ఐదు సెంటీమీటర్లు దిగి ఆగింది. డాక్టర్ మందాకిని స్కేలుతో కొలిచి, ఈ గుండు వేగం సెకనుకు ఐదు వందల మీటర్లనీ, గనిలో పేలుళ్ళకి ఎగిరే ఇంతే బరువున్న రాళ్ళు వెయ్యి మీటర్ల వేగంతో వస్తాయనీ చెప్పింది.

శశిపురం కాలనీ చంద్రుడి మీద, గని పక్కనే ఉంది. అక్కడ ఎగిరిన రాయికి అడ్డుపడడానికి గాలి లేదు. బయల్దేరిన ఊపుతోనే వచ్చి గుద్దుతుంది. వేగం రెట్టింపు కనక గోడా రెట్టింపు, పది సెంటీమీటర్లు చాలన్నారు కాలనీ పెద్దలు. అందరికీ సబబుగానే తోచింది, వంటశాల నూకాలమ్మకి తప్ప. పడమటి గోడ పక్కనే ఆమె కూతురూ, పది రోజుల మనవరాలూ పడుకుంటారు.

"నిజంగా సరిపోద్దా డాక్టరమ్మా?" అని అడిగింది.

మందాకిని ఓపిగ్గా వివరించింది. కదిలే వస్తువులో కైనెటిక్ ఎనర్జీ ఉంటుంది. లోపలికి దిగుతున్న కొద్దీ గోడ దాన్ని తినేస్తుంది. వేగం రెట్టింపైతే ఎనర్జీ నాలుగింతలు, లోతూ నాలుగింతలు. అంటే ఇరవై. పైన ఐదు కలిపి ఇరవై అయిదు వేయించేదాకా మందాకిని పెద్దలని కుదురుగా కూర్చోనివ్వలేదు.

నెల తిరక్కుండానే రాయి వచ్చి పడమటి గోడని గుద్దింది. సరిగ్గా ఇరవై దగ్గర ఆగింది. పాప నిద్రలోంచి లేవను కూడా లేదు. కాలనీ అంతా మందాకినికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. లెక్కలంటే పడని నేనైనా పెడతాను.

వారం తరవాత గోడ బాగుచేద్దామని ఆవిడ పాప పడుకునే గదికి వెళ్ళింది. గోడకి తన ఫోటోయే వేలాడుతోంది. దానికి కుంకుమ బొట్టు, కాగితం పూల దండ. బతికున్న మనిషి ఫోటోకి దండ వేయకూడదని ఎవరికీ తోచినట్టు లేదు. పూలరేకులన్నీ గోడ వైపే వాలుతున్నాయి. ఫోటో పక్కకి జరిపితే వెనకాల సన్నగా ఈల. మిగిలిన ఐదు సెంటీమీటర్ల గోడలోకి పెద్ద మేకు ఏడు సెంటీమీటర్లు దిగి ఉంది, చుట్టూ గాలి బయటికి పోతోంది.

చప్పున మేకు చుట్టూ అరచెయ్యి అదిమింది. నూకాలమ్మ పరుగున అంటించే ముద్ద తెచ్చింది.

"ఇక్కడే ఎందుకు కొట్టారు?"

"రాయి ఆగిన చోటు గదమ్మా. మీ ఫోటో పడిపోకూడదని పెద్ద మేకే ఎట్టినాం."

"ఎన్ని దెబ్బలకి దిగింది?"

"పద్నాలుగు. తలో దెబ్బ ఏసినాం. ఎవరి దణ్ణం ఆళ్ళదే గదా."

దెబ్బకి అర సెంటీమీటరు. మందాకిని లెక్కలో ఉన్నది ఒక్క రాయి, ఒక్క దెబ్బ. కోప్పడదామని నోరు తెరిచింది గానీ నవ్వూ, కన్నీళ్ళూ కలిసే వచ్చాయి. ముద్ద ఆరేదాకా గోడ మీంచి చెయ్యి తీయలేక, ఆ పద్నాలుగు దెబ్బలకీ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.