చీకట్లో వేసిన సూది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా తెలుగు చర్చి వాళ్ళు ఏటా వానాకాలంలో ఏదో ఒక పల్లెకు వెళ్ళి వైద్య శిబిరం పెడతారు. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాను. మా ఇంట్లో అప్పన్న పటం ఉంటుంది. అయినా పక్క క్వార్టర్ కనకం పిన్ని పిలిస్తే కాదనలేను. నర్సు లేని శిబిరమేమిటని ఆవిడ, సెలవు రోజు కూడా డ్యూటీయేనా అని నేను, కాసేపు వాదించుకుంటాం. చివరికి ఇద్దరం ఒకే జీపు ఎక్కుతాం.

మొన్నటి వానల్లో బెల్తరా దాటి, వాగు అవతల ఉన్న ఒక పల్లెకు వెళ్ళాం. శిబిరం బడి గదిలో. గజ్జి, నీరసం, మోకాళ్ళ నొప్పులు, కొందరికి మలేరియా. పిన్ని దగ్గర ఒక నియమం ఉంది. ప్రతి సూదికీ ముందు ప్రార్థన. ఆవిడ రోగి మీద చెయ్యి వేస్తే అందరూ కళ్ళు మూసుకోవాలి. ‘ఆమెన్’ అన్నాకే నేను పొడవాలి. నేను మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచుతాను, సిరంజి ఎక్కడికీ పోకుండా.

సాయంత్రానికి మిగతా వాళ్ళు మొదటి బండిలో వెళ్ళిపోయారు. పిన్ని, నేను, జీపు తోలే పైడిరాజు మావయ్య పెట్టెలు సర్దుకునేసరికి వాగు పొంగి దారి మునిగిపోయింది. మావయ్య రిటైరైన లోకో పైలట్. సిగ్నల్ పడకుండా బండి కదపనని జీపు ఆపేసి కూర్చున్నాడు. కరెంటు లేదు. తడిసిన పెంకుల వాసన, గోడల్లోంచి పాత సున్నం వాసన.

దీపాల వేళకు ఆ పల్లె మనిషే, ఫూల్‌బాయి వచ్చింది. చిన్నపాటి మనిషి, నిలువునా తడిసిపోయింది. చేతుల్లో మూడేళ్ళ కూతురు. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వేలికి పొడిచి రక్తం తీసి, కిట్‌లో చూశాను. మలేరియా, అదీ తలకెక్కేది. ఆస్పత్రికి వెళ్ళే దారి లేదు. పెట్టెలో ఒకే ఒక్క ఇంజక్షన్ మిగిలింది. అది పడితే పిల్ల తెల్లారేదాకా నిలుస్తుంది. పడకపోతే నిలవదు. ఆ మాట ఫూల్‌బాయికి నేను చెప్పలేదు, ఆమెకే తెలిసిపోయింది.

పిల్లను బెంచీ మీద పడుకోబెట్టాం. మందు సిరంజిలోకి లాగాను.

"ముందు ప్రార్థన సేసుకుందాం పిల్లా" అంది పిన్ని.

"ఇప్పుడేటి పిన్నీ! దానికి ఫిట్స్ వచ్చీలాగున్నాయి."

"అందుకే మరి. రొండు నిమిషాలు. కళ్ళు మూసుకో."

ఆ రోజు నిజంగానే రెండు కళ్ళూ మూసుకున్నాను. అంత భయమేసింది నాకు. అప్పన్ననీ, పిన్ని దేవుణ్ణీ కలిపి ఒకేసారి వేడుకున్నాను.

పిన్ని ప్రార్థన సాగింది. పెంకుల మీద వాన... ఎక్కడో తలుపు కిర్రుమంది. పిన్ని ఆమెన్ అనేసరికి కళ్ళు తెరిచాను. చీకటి. బెంచీ చివర పెట్టిన పిన్ని ఫోను లైటు ఆరిపోయింది, చార్జింగ్ అయిపోయినట్టుంది.

ఆగే వ్యవధి లేదు. చేత్తో తడిమాను. చిన్న తొడ దొరికింది. చల్లగా ఉంది. కదలడం లేదు. ఫిట్స్ రాలేదు, ఒళ్ళు చల్లబడుతోంది అనుకున్నాను. సూది దించి మందంతా ఎక్కించాను.

నా చెవి పక్కనే ఆడగొంతు.

"బస్, నోనీ... బస్..."

అయిపోయింది తల్లీ అని. ఆ ఊపిరికి తడి మట్టి వాసన. తల్లి కదా, ఓదారుస్తోంది అనుకున్నాను.

పైడిరాజు మావయ్య జీపులోంచి టార్చి తెచ్చాడు. వెలుగు ముందు ఎదుటి గోడ మీద పడింది. గోడకు ఆనుకుని ఫూల్‌బాయి కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల. గిలగిలా కొట్టుకుంటోంది. మేం కళ్ళు మూసుకున్నప్పుడే ఫిట్స్ మొదలయ్యాయట. మమ్మల్ని పిలిచే ధైర్యం చాలక, తల్లి ఎత్తుకుని అక్కడికి పోయింది.

"పిల్ల ఇక్కడుంది కదేటి" అన్నాడు మావయ్య మెల్లిగా. "నువ్వు సూది ఎవలికి సేసేవమ్మా?"

వెలుగు బెంచీ మీదకి తిప్పాడు.

ఖాళీ.

నా చేతిలో ఖాళీ సిరంజి. సూది మొనకి రక్తం...

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పే శక్తి నాకు లేదు. పెట్టెలన్నీ బోర్లించాను. ఇంకో ఇంజక్షన్ లేదు. తడిగుడ్డలు మార్చాం. ఏడ్చాను. పిన్నిని నానా మాటలూ అన్నాను. తెల్లవారుజామున పిల్ల నాడి నా వేళ్ళ కింద ఆగిపోయింది. చచ్చిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే పిల్ల గట్టిగా ఊపిరి లాగింది. ఒళ్ళు చల్లగా, హాయిగా ఉంది. కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. పిన్ని పెద్దగా స్తోత్రం అంటూ నన్ను వాటేసుకుంది.

ఫూల్‌బాయి మాత్రం పిల్లను వాసన చూసి, నేల మీద దింపేసింది.

"ఏ మోర్ నోనీ నోహయ్" అంది. ఇది నా బిడ్డ కాదని.

నిద్ర లేక మతి చలించిందనుకుని గట్టిగా కసిరాను. వాగు తగ్గాక ఆమెనూ జీపెక్కించి, పిల్లను నేనే ఒళ్ళో పెట్టుకుని బిలాస్‌పూర్ తెచ్చాను. ఆస్పత్రిలో రక్తం చూసి, మందు బాగా పనిచేసింది, సమయానికి వేశారు అన్నారు. ఈ పిల్లకు నేను ఆ సూది వెయ్యనే లేదు. పిల్ల మంచం మీద కూర్చుని బిస్కట్లు తింటోంది.

ఫూల్‌బాయి వార్డులోకి అడుగు పెట్టలేదు. బయట వరండాలో గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో ముడుచుకుని ఊగుతోంది. చీర కొంగు తడిపి, ఒళ్ళో ఏమీ లేనిచోట అద్దుతోంది. చూడలేకపోయాను. పక్కన కూర్చుని లోపలికి రమ్మని బతిమాలాను.

 ఆమె నా చెయ్యి పట్టుకుని తన ఒళ్ళోకి లాక్కుంది. ఆమె రెండు చేతుల మధ్య, ఆ ఖాళీలో పెట్టింది.

కాలిపోతోంది.

చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. వేళ్ళ కింద సన్నగా, గబగబా నాడి కొట్టుకుంటోంది.

"ఇంకో సూది ఉందా దీదీ?" అని అడిగింది ఫూల్‌బాయి.