మాట వినని బీగిల్

పొద్దున కాఫీ కప్పు కింద పెట్టకముందే కొడుకు తేల్చి చెప్పేశాడు. ఆదివారం బొంగురును వేరేవాళ్ళకు ఇచ్చేస్తున్నాం.

బొంగురు అంటే ఆ ఇంటి బీగిల్ కుక్క. అది గొంతెత్తిందంటే మూడిళ్ళ అవతల చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. మూత పెట్టిన గిన్నె కనబడితే దాని అంతు చూడాల్సిందే. ముక్కు నేలకు ఆనిందా, ఇక బతిమాలినా బెదిరించినా చెవికెక్కదు. వాసన పట్టి వేటాడే జాతి, పెద్దవాళ్ళున్న ఇంటికి కష్టమేనని పశువుల డాక్టరు కూడా అన్నాడు. ఇంతకాలం ఎలాగో సర్దుకుపోయారు. కానీ నిన్న నడివీధిలో అది గొలుసు లాగుతుంటే తల్లి దాని వెనక తూలుతూ పోవడం కొడుకు కళ్ళారా చూశాడు.

"రేపు పడి తుంటి విరిగితే ఏం చేస్తావమ్మా?"

ఆమె ముప్ఫై ఏళ్ళు అవే వీధుల్లో ఉత్తరాలు పంచిన మనిషి, ఇంటి నంబరు చెబితే గేటు రంగు చెప్పేది. కోడలు మెల్లగా కలగజేసుకుని, చెప్పిన మాట వినే నెమ్మదైన కుక్కను తెచ్చుకుందాం అత్తయ్యా అంది.

"మాట వినేది నాకెందుకమ్మా? నేను తప్పు దారి పట్టిస్తే అదీ నాతోపాటు తప్పిపోతుంది."

ఇద్దరూ బిత్తరపోయారు. దాచాల్సిందేమీ మిగల్లేదని ఆమెకూ తెలిసింది.

"పోయిన వానాకాలం నుంచి ఇంతే. మార్కెట్ దాటితే మలుపులన్నీ ఒకేలా ఉంటున్నాయి. 'ఇంటికి' అంటే చాలు, వచ్చిన దారి వాసన పట్టుకుని అదే తీసుకొస్తుంది. నేనెటు లాగినా వినదు. నువ్వు నిన్న చూసింది అదే."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే గుమ్మం దాటనిస్తావా? డాక్టరు దగ్గరికి వస్తాను, మాత్రలిస్తే మింగుతాను. నడక మానను. కుక్కనివ్వను. నీ చేతనైంది చేసుకో."

ఊరందరి చిరునామాలు మోసిన తల్లి సొంతింటి దారి మరిచిపోతోంది. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని ఒక్కతే మోసింది. కొడుకు ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రేపటి నుంచి తనూ నడకకు వస్తానన్నాడు.

"రా. వెనకే ఉండు. నోరు మాత్రం విప్పకు."

మర్నాడు తిరిగొస్తూ మార్కెట్ దగ్గర ఆమె కుడివైపుకు గొలుసు లాగింది. ఇల్లున్నది ఎడమవైపు. ఆ మాట కొడుకు నోటిదాకా వచ్చింది, కష్టపడి మింగేశాడు. బొంగురు తల కూడా ఎత్తకుండా ఎడమకు తిరిగింది. "మొండిదానా" అని తిట్టుకుంటూ తల్లి దాని వెనక నడిచింది. కళ్ళు తుడుచుకుంటూ కొడుకు ఆమె వెనక నడిచాడు.