ఖాళీ చేతులు

నమ్రత ఇనుప బాణలిని మా కొట్టు బల్ల మీద దబ్బున పెట్టింది. పక్కనే ఖర్జూరాలు, బెల్లం. అన్నీ నేను వాళ్ళింటికిచ్చినవే.

"ఏమప్పా అంబరీష్, మా నాయన్ని సంపాలనుకుంటాండావా?"

బాగేపల్లి బజారులో మాది కిరాణా కొట్టు. ఎదురుగా వాళ్ళ నాయన వెంకటేశప్ప బట్టల కొట్టు. ఆయన కొన్నాళ్ళుగా నీరసంగా ఉంటున్నాడు. నీరసమంటే రక్తం తక్కువని మా బజారు లెక్క. ఎవరింటికీ ఖాళీ చేతులతో వెళ్ళకూడదని మా అమ్మ పద్ధతి. పైగా ఆయన కూతుర్ని పెళ్ళికి అడగాలని నా ఉద్దేశం. అందుకే వారం వారం ఇనుము బలమున్న సరుకే మోశాను.

"ఆయన నీరసంగా ఉండాడని..."

"చింతామణిలో నేను పనిచేసే ల్యాబ్‌లోనే టెస్ట్ చేసినా. ఒంట్లో ఇనుము నాలుగింతలుండాది! లివర్ కణాల్ని తుప్పులా తినేస్తాది."

ఫోన్‌లో వెతికితే ఆ తుప్పును ఆపేవి యాంటీఆక్సిడెంట్లని, అవి ఉసిరిలో ఎక్కువని ఉంది. మర్నాడే ఉసిరి రసం రెండు సీసాలు పట్టుకెళ్ళాను.

నమ్రత గుమ్మంలోనే ఆపింది. "విటమిన్ సి ఇనుమును ఇంకా లోపలికి లాగుతాదప్పా! ఉసిరి మంచిదే, మా నాయనకు కాదు."

"మరి ఏం తెచ్చేది?"

"నీకు తెచ్చేది తప్ప ఇంకేమీ రాదా?" నవ్వాపుకుంది. "తీసేయాల. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో రెండు వారాలకొకసారి రక్తం తీస్తారు, దాంతో ఇనుమూ పోతాది. సూదంటే బయమని రానంటాండాడు."

ఆయన దగ్గరికెళ్ళి కూర్చున్నాను. "గోడౌన్లో సరుకు ముక్కిపోతాంటే ఏం చేస్తారప్పా?"

"కొత్తది ఆపి, పాతది దించేస్తా."

"ఇదీ అంతే."

ఆయన లేచి నా బండెక్కాడు. మొదటి సూదికి నా చేతిని పట్టుకున్న పట్టు రెండు రోజులు నొప్పెట్టింది. ఆరు నెలలు తిప్పాను. ఇనుము సగానికి దిగింది. ఆయన మొహం తేటపడింది.

ఆ ఆదివారం మొదటిసారి ఏమీ పట్టుకోకుండా వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏమప్పా, చేతులు ఖాళీగా ఉండాయే?" అన్నాడు వెంకటేశప్ప.

"ఈసారి ఇచ్చేదానికి రాలేదప్పా. అడిగేదానికొచ్చినా. నమ్రతను."

ఆయన సూది గుర్తులున్న చెయ్యి చూపించాడు. "ఆర్నెల్లు నా రక్తం తీయించినావు. ఇప్పుడు ప్రాణమే అడగతాండావా?"

ఆయన పకపకా నవ్వి, "ఆ ప్రాణాన్నే అడుగుపో" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నమ్రత నిలబడి ఉంది.

"ఆ ఇనుప బాణలి అమ్మేసినావా?"

"లేదు."

"అమ్మొద్దు. నాకు రక్తం తక్కువే. మనింట్లోకి కావాల."