పన్నెండు గంటల కబుర్లు

రాజధాని నుంచి దిగిన ఇంజినీరు ఎనిమిదో ఛానెల్లో అడుగుపెట్టగానే చేసిన మొదటి పని, స్టూడియో కేబుల్‌ని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించడం.

"కోసే ముందు ఒక మాట అడగాలని మీ అమ్మగారు నేర్పలేదా?" అంది నెరెయ్దా వెనకనుంచి.

అతను ఉలిక్కిపడి తిరిగాడు. ముప్ఫై దాటని మనిషి, చెవి వెనక స్క్రూడ్రైవర్. పేరు ఎఫ్రాయిన్.

"ఇవాళ మీ ప్రోగ్రాం ఈ కొత్త మెషిన్ గుండా వెళ్తుంది. సరిగ్గా రెండింటికి ఇదే రాజధాని ప్రసారానికి మారిపోతుంది. ఇక ఆ కేబుల్ అక్కర్లేదు."

"మేమూ అక్కర్లేదు."

"ఆ మాట నేననలేదు."

"మీ కంపెనీ అంది. మీరు ప్లేయర్ పట్టుకొచ్చారు."

అతను నవ్వాడు. ఆ నవ్వు బాగుండటం ఆమెకి అస్సలు నచ్చలేదు.

సొనోరా ఎడారి అంచున, బాకోరా ఊళ్లో, ముప్ఫై ఒక్కేళ్ల కిందట నెరెయ్దా నాన్న ఒక పాత కెమెరాతో మొదలుపెట్టిన ఛానెల్ అది. పొద్దున పశువుల సంత ధరలు. శనివారం ఊరి పెళ్లి డాన్సులు. రోజూ పన్నెండు నుంచి రెండు దాకా కబుర్లు, కొండల్లో ఫోన్ లేని పల్లెల కోసం. 'దోన్యా ఎదుబిహెస్‌కి: కోడలు ప్రసవించింది, ఆడపిల్ల. గురువారం రోడ్డు దగ్గరికి కంచరగాడిదను పంపండి.' రాసిచ్చింది రాసిచ్చినట్టు చదవాలి, ఒక్క మాట మార్చకూడదు. నాన్న పోయాక ఆరేళ్లుగా నెరెయ్దానే చదువుతోంది. ఆయన భాగస్వాములు ఛానెల్‌ని రాజధాని కంపెనీకి అమ్మేశారు. కబుర్లకి ఇవాళే ఆఖరి రోజు.

పదకొండున్నరకి ముసలి కెమెరామన్ క్రెసెన్సియో చీటీతో పరుగెత్తుకొచ్చాడు.

"పైన కుంభవృష్టి పడిందంటమ్మా. పశువులవాళ్లు వైర్‌లెస్‌లో చెప్పారు. ఏరు విరుచుకుపడి వస్తోంది. ఇలారియో బస్సు పన్నెండున్నరకి బయల్దేరి నేరుగా ఏట్లో దిగుతుంది."

"భోజనం చేస్తూ మన టీవీయే చూస్తాడుగా బాబాయ్. మొదటి కబురు అదే చదువుతా."

పన్నెండయింది. ఎర్రదీపం వెలిగింది. నెరెయ్దా నోరు తెరిచింది.

టీవీలో మాత్రం ఎవరో పట్నం ఆవిడ కేకు కోసం గుడ్లు గిలకొడుతోంది.

నెరెయ్దా కుర్చీ తన్నేసి లేచింది. "ఏం చేశారు?"

ఎఫ్రాయిన్ మొహం పాలిపోయింది. తన వాచీ చూశాడు, గోడ గడియారం చూశాడు. "మెషిన్‌లో టైమ్ నా వాచీ చూసి పెట్టాను."

సొనోరా వేసవిలో గడియారం ముందుకి జరపదు. ఎప్పుడూ ఒక గంట ముందుండే రాజధాని ఇంకో గంట జరుపుతుంది. అక్కడ రెండయితే ఇక్కడ పన్నెండే.

"మార్చండి."

"మెషిన్ తాళం నంబర్ కంపెనీ డైరెక్టర్ దగ్గరుంది." అప్పటికే ఫోన్ తిప్పుతున్నాడు. బస్సు గురించి, ఏరు గురించి గబగబా చెప్పాడు. అవతల గొంతు తాపీగా అంది: "వాళ్ల ప్రసారం రెండు గంటలు ముందే ఆగింది, అంతేగా. అలాగే వదిలెయ్."

ఎఫ్రాయిన్ ఫోన్ పెట్టేశాడు. పొద్దున కోసిన కేబుల్ చివర పళ్లతో ఒలిచాడు. గోడమీది ప్రసారం పెట్టెకున్న మెషిన్ తీగ పీకేసి, ఆ రంధ్రంలో ఒలిచిన రాగి పెట్టి బొటనవేలితో నొక్కాడు.

గుడ్లావిడ మాయమైంది. నెరెయ్దా కుర్చీ కనబడింది, ఖాళీగా.

"షాక్ కొట్టదా?"

"కొడితే ఈపాటికి తెలిసేది. వెళ్లి చదవండి."

టైమ్ పన్నెండూ ఇరవై రెండు. ఏటి కబురు మూడుసార్లు చదివింది. ఇలారియో విన్నాడో, గుడ్లావిడని చూసి ముందే లేచి బస్సెక్కాడో తెలీదు. మిగతా చీటీలు చదువుతున్నా ఆమె చూపు మాటిమాటికీ కెమెరా పక్కకి పోతోంది. అక్కడ అతను తీగమీద వేలు తీయకుండా గోడకి అతుక్కుని నిలబడ్డాడు, చొక్కా చెమటకి తడిసిపోయి.

ఒంటిగంటకి బల్లమీద ఫోన్ మోగింది. వచ్చిన ప్రతి ఫోనూ ఊరందరికీ వినిపించాల్సిందే.

"పేరు, ఊరు చెప్పండి."

"బెరూమెన్‌ని, డైరెక్టర్‌ని. ఆ ఇంజినీరుకి ఉద్యోగం పోయిందని చెప్పు."

నెరెయ్దా బుద్ధిగా రాసుకుంది. "బాకోరాలో ఉన్న ఎఫ్రాయిన్‌కి, రాజధాని నుంచి బెరూమెన్: నీ ఉద్యోగం పోయింది." తలెత్తింది. "జవాబు ఉందా?"

"ఉంది. డైరెక్టర్ గారికి: మీ ఉద్యోగం మీ దగ్గరే ఉంచుకోండి. నాకిక్కడ చేతినిండా పనుంది."

ఫోన్ టక్కున ఆగింది. వెంటనే మళ్లీ మోగింది.

"ఇలారియోని. బస్సు కదులుతుంటే మీ కబురు వినబడింది, వెనక్కి తిప్పి పైఊరి మందులషాపు నుంచి మాట్లాడుతున్నా. ముప్ఫైనాలుగు మందిమి. ముందుకెళ్లుంటే, మేం రేవు చేరేసరికి ఏరు బస్సెత్తు వచ్చేదమ్మా."

నెరెయ్దా ఏటి చీటీ పక్కన పెట్టింది. మంచినీళ్లు తాగింది.

"నాదింకో కబురుంది," అన్నాడు ఎఫ్రాయిన్. "చేతులు ఖాళీ లేవు, రాసుకోండి. నెరెయ్దాకి: పొద్దున్నుంచి మీ చేత తిట్లు తింటున్నాను. రేపు కూడా తినాలనుంది. ఆ తర్వాత రోజూ."

ఆమె చెవులదాకా ఎర్రబడింది. అయినా ఒక్క మాట మార్చకుండా సొనోరా కొండలన్నిటికీ వినిపించింది.

ఫోన్ మోగింది. ఈసారి వాళ్లమ్మ.

"ఆ చేతులు ఖాళీలేని అబ్బాయి ఏమన్నా తిన్నాడా?"

"లేదమ్మా."

"తిట్లు తర్వాత పెడుదువుగాని. ముందు ఇంటికి తీసుకురా, అన్నం పెడతాను."

రెండయింది. క్రెసెన్సియో నెమ్మదిగా అన్నాడు, "టైమైపోయిందమ్మా."

నెరెయ్దా లేచి గోడ దగ్గరికి నడిచింది. అతని బొటనవేలు తెల్లగా పాలిపోయి ఉంది.

"నొప్పిగా ఉందా నీకు?" అంది మెల్లగా.

"మొద్దుబారింది, తెలీడంలేదు. చదువు."

ఆమె అతని వేలి మీద తన వేలు వేసి గట్టిగా నొక్కింది. రెండో చేత్తో చీటీల కట్ట ఎత్తింది. క్రెసెన్సియో కెమెరా వాళ్లిద్దరి వైపూ తిప్పాడు.

"ఇది ఎనిమిదో ఛానెల్, బాకోరా. టైమ్ రెండు దాటి ఒక నిమిషం. తర్వాతి కబురు వినండి."