ఛాంపియన్ ఇంటి మొక్కులు

తెల్లవారేసరికి వాన వెలిసింది. బువాలాయ్ ఆవిరి మీద ఉడికిన జిగురన్నాన్ని వెదురుబుట్టలోకి తీసి, గుమ్మం ముందు చాప పరిచింది. భిక్షువులు వచ్చే వేళయింది.

"ఒరేయ్ దేచా, లేచావా? గురువుగారు అప్పుడే మలుపు తిరిగారు!"

కొడుకు కళ్ళు నులుముకుంటూ వచ్చి పక్కన మోకరిల్లాడు. బాక్సింగులో ప్రపంచ ఛాంపియన్ అయి ఏడాది దాటింది. అయినా ఇంటికొస్తే అమ్మ పక్కన కూర్చుని భిక్ష పెట్టడం మాత్రం మానలేదు. ఈ సంగతి బువాలాయ్ కూరల అంగడి నుంచి టైలర్ షాపు దాకా చెప్పుకుని మురిసిపోతూ ఉంటుంది. అడిగినవాళ్ళకీ చెబుతుంది, అడగనివాళ్ళకీ చెబుతుంది.

ముసలి భిక్షువు పాత్ర మూత తీసి ఆగాడు. దేచా అన్నాన్ని ముద్ద చేసి చెయ్యి చాచాడు. ముద్ద పాత్రకి జానెడు పక్కగా వెళ్ళి బురదలో పడింది. దేచా ఉలిక్కిపడి ఇంకో ముద్ద తీశాడు. ఈసారి భిక్షువే పాత్రను అతని చేతి కిందికి జరిపాడు.

బువాలాయ్ బురదలోని ముద్దని చూసి చేతులు జోడించింది. అయ్యో, భిక్షాన్నం నేలపాలవడమా! ఇది ఊరికే జరిగేది కాదు. తాతదేవుడు గుర్తుచేస్తున్నాడు, అంతే.

ఊరిని కాచే ఆ తాతదేవుడికి ఆమె ఒక మొక్కు బాకీ ఉంది. కొడుకు ఛాంపియన్ బెల్టు కోసం టోక్యోలో పోటీకి దిగే ముందు గుడికెళ్ళి, ఎర్ర సోడా, ఉడికించిన గుడ్లు పెట్టి దణ్ణం పెట్టుకుంది. 'తాతా, వాడు గెలిస్తే వానాకాలం మూడు నెలలూ గుండు చేయించి విహారంలో భిక్షువుగా ఉంచుతాను' అంది. వాడు గెలిచాడు. ఆ వానాకాలం మాత్రం సన్మానాలకీ పోటీలకీ పోయింది. మళ్ళీ వానాకాలం వచ్చింది. ఇంకొన్నాళ్ళలో భిక్షువులు విహారం కదలకుండా మూడు నెలల వర్షావాసానికి కూర్చుంటారు. కొడుకుతో ఇంకా ఒక్క ముక్కా చెప్పలేదు. పోటీల మధ్య ఉన్నవాడి మనసు చెదరగొట్టడం ఎందుకని ఊరుకుంది. ఇవాళేమో బ్యాంకాక్ నుంచి సియా హెంగ్ వస్తున్నాడు. పోటీలు కుదిర్చే పెద్దమనిషి ఆయనే. వచ్చే పోటీ సరిగ్గా వర్షావాసం నడిమధ్యలో పెట్టాడట. దేచా ఇవాళ ఒప్పుకుంటే ఇక అంతే సంగతులు.

వంటింట్లో కోడలు పిమ్‌జాయ్ పచ్చి బొప్పాయి తురుముని రోట్లో వేసి, ఎవరిమీదో కోపం ఉన్నట్టు దంచుతోంది.

"చూశారా అత్తయ్యా? నిన్న కాఫీ కూడా గ్లాసు పక్కన పోశాడు. అడిగితే నిద్ర చాల్లేదంటాడు."

"నిద్ర కాదే. వేరే కారణం ఉంది."

"కారణం నాకూ తెలుసు. తల మీద అన్ని దెబ్బలు తింటే ఏమవుతుంది మరి?"

"దెబ్బలు వాడికి కొత్తేమిటే? ఏడో ఏటి నుంచీ తింటున్నాడు."

"అప్పుడు కాళ్ళకీ, పక్కటెముకలకీ, తలకీ పంచుకుని తినేవాడు. ఇప్పుడన్నీ ఒక్క తలకాయకే కదా!"

అసలు బువాలాయ్‌కి ఈ బాక్సింగ్ ఇప్పటికీ ఒక పట్టాన అర్థం కాదు. దేచాకి తండ్రి తోంగ్‌ఖున్ నేర్పింది మువాయ్ థాయ్. అందులో పిడికిలి, మోచెయ్యి, మోకాలు, పాదం అన్నీ ఆయుధాలే. జాతరల్లో మొదలైనవాడు బ్యాంకాక్ పెద్ద స్టేడియం దాకా వెళ్ళాడు. ఎదురొచ్చినవాడినల్లా కొట్టాడు. కొట్టీ కొట్టీ చివరికి వాడిమీద పందెం కాయడానికి ఎవరూ మిగల్లేదు. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆటకి పందేలెక్కడివి? పందేలు లేకపోతే పోటీలెక్కడివి? మరీ బాగా ఆడినందుకు అన్నం ముద్ద పోవడమంటే ఇదే. అప్పుడే సియా హెంగ్ వచ్చి, కాళ్ళు పక్కన పెట్టి చేతులతో ఆడమన్నాడు. మొదట్లో అలవాటు కొద్దీ మోకాలు దానంతటదే లేచేది. రిఫరీ వేలు చూపించి హెచ్చరించేవాడు. 'మీవాడిని కాళ్ళు ఇంట్లో పెట్టి వెళ్ళమను' అని ఊరంతా నవ్వింది. ఆ నవ్విన నోళ్ళే కొన్ని పోటీలకల్లా బెల్టు చూసి జేజేలు కొట్టాయి.

ఒక్క తోంగ్‌ఖున్ మాత్రం కొట్టలేదు. కొడుకు బాక్సింగ్ పోటీ ఒక్కటి కూడా చూడలేదని చెప్పుకుంటాడు. ఇప్పుడాయన గుంజల మీద లేపిన ఇంటి కింద, పాత ఇసుకసంచుల పక్కన కూర్చుని పందెంకోడికి మేత వేస్తున్నాడు.

"ఏమయ్యోయ్, నీ కొడుకు అన్నం నేల మీద వేశాడు తెలుసా?"

"చూశాను."

"ఏమై ఉంటుందంటావు?"

"నా దగ్గరున్నన్నాళ్ళూ వాడి చెయ్యి ఒక్కసారైనా గురి తప్పిందా? బరిలోకి దిగేముందు గురువు తలపట్టీ కట్టాలి, వాడు గురువందన నృత్యం ఆడాలి. అవన్నీ వదిలేసి గంట కొట్టగానే గిత్తల్లా పోయి కుమ్ముకుంటే ఇంతే."

అత్త ఒకటంటే, కోడలు ఒకటి, మామ ఇంకొకటి! బువాలాయ్ తల తిరిగిపోయింది. ముగ్గురి మాటా నిజంలాగే ఉంది, ఒకదానికొకటి పొసగడం లేదు. కొడుకునే అడుగుదామని వెళితే, వాడు ఉయ్యాల మంచంలో పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. ఒక కన్ను మూస్తున్నాడు, తెరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదమ్మా. బల్లిని చూస్తున్నా."

కప్పు మీద బల్లి ఉన్నమాట నిజమే.

మధ్యాహ్నానికి సియా హెంగ్ నల్ల కారులో దిగాడు. బుట్టెడు పళ్ళు, మొహం నిండా నవ్వు. అందరికీ చేతులు జోడించాడు. తోంగ్‌ఖున్‌కి కాస్త ఎక్కువే వంగాడు. బొప్పాయి పచ్చడి, కాల్చిన కోడి లొట్టలేసుకుంటూ తిన్నాడు. తిన్నాక చేతులు కడుక్కుని అసలు మాట ఎత్తాడు.

"ఏమంటావు ఛాంపియన్? ఈ ఒక్కటీ కొట్టావంటే, ఆ తర్వాత నువ్వు ఎవరితో అంటే వాళ్ళతో. ఊ అను, చాలు."

దేచా నోరు తెరిచాడు. కానీ తల్లి ముందు మాట్లాడేసింది.

"వాడు రాడు!"

"అమ్మా?" అన్నాడు దేచా.

"రాడు. ఈ వానాకాలం వాడు భిక్షువవుతున్నాడు. బెల్టు గెలిస్తే కాషాయం కట్టిస్తానని తాతదేవుడికి మొక్కుకున్నాను. తీర్చకపోబట్టే ఇదంతా జరుగుతోంది."

సియా హెంగ్ నవ్వాడు. "ఓస్, మొక్కేనా! వాయిదా అడుగుదాం. నైవేద్యానికి పంది తలకాయ నేను పంపిస్తాను. దేవుళ్ళు మనకంటే ఓపికస్తులమ్మా."

"మీ పంది తలకాయ మీరే ఉంచుకోండి," అంటూ పిమ్‌జాయ్ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో రోకలి అలాగే ఉంది. "ఈయన ఏ పోటీకీ రాడు. నేనూ మొక్కుకున్నాను. ఆ ఒక్కటీ గెలిపించి ప్రాణాలతో పంపితే, మళ్ళీ బరిలో కాలు పెట్టనివ్వనని. అదే గుళ్ళో."

బువాలాయ్ నోరెళ్ళబెట్టింది. "నువ్వెప్పుడు వెళ్ళావే?"

"మీరు వెళ్ళొచ్చిన మర్నాడు. మీ గుడ్ల పెంకులింకా అక్కడే ఉన్నాయి."

"బాగుంది సంబడం! నేను మూడు నెలలంటే నువ్వు మొత్తానికేనా! నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

"మీరు నన్నడిగారా? ఆయన నాకు మొగుడు అత్తయ్యా!"

"నాకు కొడుకే!"

అప్పుడు తోంగ్‌ఖున్ గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఏదో తప్పు ఒప్పుకోబోతున్నాడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నేను కూడా..." అన్నాడు తన పందెంకోడి వైపు చూస్తూ. "గెలిస్తే మన జాతరలో ఇంకొక్కసారి నా తలపట్టీ కట్టుకుని మువాయ్ ఆడతాడని మొక్కాను."

"పోటీలే చూడనన్నావుగా!"

"చూడలేదు. మొక్కాను. రెండూ ఒకటేనా?"

సియా హెంగ్ బట్టతల రుద్దుకున్నాడు. అంతసేపూ ఉన్న నవ్వు కాస్త పల్చబడింది. "చెప్పకపోతే పాపం తగులుతుందేమో. నేనూ మా వీధి గుళ్ళో మొక్కుకున్నాను. బెల్టు వస్తే కనీసం ఐదు పోటీల్లో దాన్ని నిలబెట్టిస్తానని."

మొదట నవ్వింది దేచా. పొట్ట పట్టుకుని నవ్వాడు. "పాపం తాత! ఎవరి మొక్కు వసూలు చేసుకోవాలో తెలీక తల పట్టుకుని ఉంటాడు!" అంటూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు.

"ఒకరికి గుండు కావాలి, ఒకరికి ఇల్లు కావాలి, ఒకరికి మోకాలు కావాలి, ఒకరికి పిడికిలి కావాలి. అన్నీ నావేగా! ఇచ్చేసేముందు నన్ను ఒక్కరైనా అడగాలనుకోలేదా?"

"అయితే నీకేం కావాలో చెప్పరా," అంది బువాలాయ్.

"తెలీదమ్మా. నిజంగా తెలీదు. లేవరా పరిగెత్తు అంటే పరిగెత్తాను. కాళ్ళతో కొట్టమంటే కొట్టాను, వద్దంటే మానేశాను. నాకేం కావాలో నన్ను నేను అడుక్కుంటే లోపల ఎవరూ పలకడం లేదు." అతను అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నాడు. "ఒక్కటి మాత్రం తెలుసు. పొద్దున్న నాకు రెండు పాత్రలు కనిపించాయి. లేనిదాంట్లో వేశాను."

పిమ్‌జాయ్ చేతిలోంచి రోకలి జారింది. "ఎప్పట్నుంచి?"

"పోయిన పోటీ నుంచి. ఒకడి బదులు ఇద్దరొస్తున్నారు. ఎవడు నిజమో తెలీక ఇద్దర్నీ కొట్టాను."

"మరి చెప్పొద్దా?"

"చెబితే ఏమంటారు? అమ్మ దేవుడంటుంది, నువ్వు దెబ్బలంటావు, నాన్న నావల్లే అంటాడు. అందరూ కలిసి నన్ను తలో వైపూ లాగుతారు." అతను సియా హెంగ్ వైపు తిరిగాడు. "నేను రాను సియా."

"మొక్కుకోసమా?"

"కాదు. భయమేస్తోంది."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా బువాలాయ్ వినలేదు. ఏడేళ్ళ పిల్లాడు ముక్కు పగిలి ఏడిస్తే, 'భయమనే మాట మన గుమ్మం తొక్కకూడదు' అని తోంగ్‌ఖున్ గద్దించాడు. ఆవిడా పక్కనే నిలబడి తలూపింది. ఇప్పుడు తోంగ్‌ఖున్ లేచాడు. అరుస్తాడనుకుంది. ఆయన వెళ్ళి కొడుకు పక్కన చాప మీద కూలబడి, ఏం చెయ్యాలో తోచక వాడి వీపు రాశాడు. నొప్పి నూనె రాసేటప్పటిలా, గట్టిగా, పైనుంచి కిందికి.

"నాక్కూడా భయమేసేదిరా," అన్నాడు. "నేనాడిన ప్రతి పోటీకీ."

సియా హెంగ్ ఇంకేమీ బలవంతపెట్టలేదు. బ్యాంకాక్‌లో మంచి కంటి డాక్టరున్నాడని, తనే దగ్గరుండి చూపిస్తానని చెప్పి లేచాడు. కారెక్కబోతూ, "మా గుళ్ళో ఏం చెప్పుకోవాలో ఏమో," అని గొణుక్కున్నాడు. ఆ బెంగ ఆయనది.

కంటిగూడు ఎముక చిట్లి, లోపలి కండరం అందులో ఇరుక్కుందని డాక్టరు తేల్చాడు. అదే చోట ఇంకో దెబ్బ పడితే కన్ను దక్కదన్నాడు. ఆపరేషన్ చేసి కట్టు కట్టి పంపించారు. చూపు కుదురుకోవడానికి టైం పడుతుందట. మొక్కుకీ కన్నుకీ ఏమైనా సంబంధం ఉందా లేదా అన్నది బువాలాయ్‌కి ఇప్పటికీ తేలలేదు. తేలింది వేరే సంగతి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాడి ఒళ్ళు తలా ఒక ముక్క దేవుడికి రాసిచ్చేశారు. నోరు తమది, మొక్కు తమది, మోసేది వాడా?

తోంగ్‌ఖున్ తన మొక్కు తనే తీర్చుకున్నాడు. తలపట్టీ కట్టుకుని, అరిగిన మోకాళ్ళతో తాతదేవుడి ముందు గురువందనం ఆడాడు. మోకరిల్లినవాడిని లేపడానికి ఇద్దరు పట్టాల్సివచ్చింది. పిమ్‌జాయ్ తన మొక్కు దానంతటదే తీరిందంటూ అదనంగా నాలుగు గుడ్లు పెట్టి వచ్చింది.

వర్షావాసం మొదలయ్యే రోజు ఉదయం బువాలాయ్ తెల్లబట్టలు కట్టుకుని విహారంలో పీట మీద కూర్చుంది. మొక్కింది తను, కాబట్టి మూడు నెలలు తెల్లబట్టల సన్యాసిని అయ్యేదీ తనే. 'సాయంత్రం తిండి లేకుండా అత్తయ్య మూడు నెలలా! మూడ్రోజులుంటే గొప్ప' అని పిమ్‌జాయ్ ముందునుంచే ఆటపట్టిస్తోంది.

కొడుకు భిక్షువయ్యేటప్పుడు మొదటి వెంట్రుకల పాయ తల్లిదండ్రులు కత్తిరించడం ఆనవాయితీ. ఇక్కడ తల్లి కూర్చుంది, కత్తెర కొడుకు చేతిలో ఉంది. కంటికి కట్టుతో దేచా ఆమె వెనక మోకరిల్లాడు. నెరిసిన పాయ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కత్తెర దగ్గరికి తెచ్చి ఆగిపోయాడు.

"కొయ్యరా. గురువుగారు చూస్తున్నారు."

"అమ్మా, ఇది నీకు ఇష్టమేనా? నిజం చెప్పు. వద్దనిపిస్తే వద్దు. ఎవరూ ఏమీ అనరు. నేను చూసుకుంటాను."

వాడి నడుముకి మొదటిసారి నిక్కరు బిగించి బరిలోకి తోసిన రోజున, ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఏ ఒక్క రోజునా, ఈ ప్రశ్న బువాలాయ్ వాడిని అడగలేదు. చీర కొంగు లాంటి ఆ తెల్ల పైగుడ్డని నోట్లో కుక్కుకుని, అంతమందిలో చిన్నపిల్లలా ఏడ్చింది. దేచా తొందరపెట్టకుండా కత్తెర పక్కకి పట్టుకుని కూర్చున్నాడు.

"ఇష్టమేరా, నాన్నా," అంది చివరికి. "నువ్వు అడిగావు కదా. ఇష్టమే."

అప్పుడు దేచా మెల్లగా కత్తిరించాడు.